లోపల వదిలిన గుడ్డ

"ఊపిరి బిగపట్టకే. మామూలుగా వదులు," అంది టేపక్క.

చిన్నది వదిలింది. బొడ్డు మీదుగా చుట్టిన టేపు అరవేలు ముందుకి జారింది. టేపక్క కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. ఇరవై ఆరేళ్ళుగా కుట్టుకొట్లో మెడలో వేసుకుని, అంగుళాల వైపే చూసిన టేపు అది. ఈ దేశం వచ్చాకే దాన్ని తిరగేసి సెంటీమీటర్లు చదవడం మొదలుపెట్టింది. డెబ్బై నాలుగు. నిన్న అండాలు తియ్యకముందు డెబ్బై రెండు. ఒకటి రెండు పెరగడం మామూలేనని నర్సు ముందే చెప్పింది కాబట్టి ఆమె కంగారు పడలేదు.

మంచం పక్కన బల్ల మీద క్లినిక్కు వాళ్ళిచ్చిన పసుపు కార్డు ఉంది. మంగళవారం నుంచి శనివారం దాకా ఐదు గళ్ళు. నడుము ఎంత, నీళ్ళు ఎన్ని తాగింది, మూత్రం ఎన్నిసార్లు వెళ్ళింది, ఆయాసం ఉందా లేదా. టేపక్క మొదటి గడిలో డెబ్బై నాలుగు వేసింది. తర్వాత అలవాటు కొద్దీ సంచిలోంచి తన కొలతల పుస్తకం తీసి అందులో కూడా వేసింది. పెన్సిలు దారంతో కట్టి ఉన్న ఆ సన్నటి పుస్తకాన్ని ఆమె ఏ ప్రయాణంలోనూ వదిలిపెట్టదు. కొట్లో ఇలాంటివి ఇరవై దాకా ఉన్నాయి. అన్నిటికంటే పాతదాంట్లో మొదటి పేజీ చిన్నదానిదే. మూడేళ్ళ పిల్ల గౌను, నడుము ఇరవై అంగుళాలు, పక్కన 'కదులుతోంది' అని రాసి ఉంటుంది.

"ఇంకా కొలుస్తూనే ఉన్నావ్ నన్ను," అని నవ్వింది చిన్నది. నవ్వితే పొట్టలో పట్టేసినట్టయి చెయ్యి వేసుకుంది.

చిన్నది అని పిలవడమే గానీ ఆమెకి ఇరవై తొమ్మిది. ఊళ్ళో ఆరు వీధులకి ఉత్తరాలు పంచుతుంది. ఎండయినా వానయినా రోజుకి నాలుగు గంటలు నడిచే కాళ్ళు. నాలుగేళ్ళ కూతుర్ని మొగుడికి అప్పజెప్పి, అక్కకి తన అండాలు ఇవ్వడానికి వచ్చింది. సొంత దేశంలో తోబుట్టువు దగ్గర తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ముక్కూ మొహం తెలియని మనిషివైతే ఫరవాలేదట. ఆ మాట విన్న రోజున టేపక్క డాక్టరు ముందే అనేసింది, ఎవరిదో తెలియని గుడ్డ మీద నేను కత్తెర పెట్టనండీ అని. పక్కనే ఉన్న చిన్నది, నావి ఇస్తాను, ఎక్కడ ఒప్పుకుంటే అక్కడికే పోదాం అంది. మళ్ళీ ఆ సంగతి మీద ఇంట్లో చర్చ జరగలేదు.

తొమ్మిదింటికి ఫోను మోగింది. క్లినిక్కులో వీళ్ళ భాష వచ్చిన మనిషి ఒక్కర్తే, దుభాషి అమ్మాయి. రోజూ ఆ వేళకి ఫోను చేసి కార్డులో వేసినవి అడిగి రాసుకోవడం ఆమె పని. ఈ రోజు ముందు తనే చెప్పింది. పంతొమ్మిది అండాలు తీశారు, పన్నెండు పిండాలు కట్టాయి అని. టేపక్క ఫోను భుజంతో చెవికి ఆనించుకునే పది వేళ్ళూ చూపించి, మళ్ళీ రెండు చూపించింది. కిటికీ గడియ బిగిస్తున్న ఆమె భర్త స్క్రూడ్రైవరుతో సహా కుర్చీలో కూలబడ్డాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఈ అద్దె గదుల మేడలో లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగేటప్పుడు కుదుపు ఇస్తోందని వచ్చిన రోజు నుంచీ ఆయనకి మనసు నిలవడం లేదు. భాష రాకపోయినా కాపలావాడితో సైగలతోనే స్నేహం చేసి, పైన మోటారు గది తాళం సంపాదించాడు.

"పన్నెండు మందా? లిఫ్టులో ఎనిమిది మందికే చోటు," అన్నాడు కాసేపటికి.

చిన్నది పడీ పడీ నవ్వబోయి ఆపుకుంది.

దుభాషి అమ్మాయి ఎప్పటి పాఠమే మళ్ళీ అప్పజెప్పింది. నడుము డెబ్బై ఎనిమిది దాటినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా తొమ్మిది దాకా ఆగకుండా ఫోను చెయ్యాలి. ఇచ్చిన మందుల వల్ల కొందరికి కడుపులో నీరు చేరుతుంది, ఊపిరితిత్తుల దాకా కూడా పోతుంది, అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అంతా బాగుంటే శనివారం పదకొండింటికి ముగ్గురూ రావాలి. అండాలు ఇచ్చినావిడ డాక్టరు ఎదురుగా కూర్చుని రెండోసారి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడేదాకా వద్దనే హక్కు ఆమెకి ఉంటుంది. ఆస్పత్రి మంచం మీద ఉన్న మనిషి చేత మాత్రం సంతకం తీసుకోరు, ఇక్కడి రూలు అది.

"నేను అందరి చేతా సంతకాలు పెట్టించుకుంటా. ఇక్కడ నా చేత పెట్టిస్తున్నారు," అంది చిన్నది.

టేపక్క నవ్వలేదు. శనివారం తర్వాత వచ్చే బుధవారానికి ఆమెకి నలభై ఆరు నిండుతాయి. నలభై ఆరు నిండిన ఆడదాని కడుపులో ఇక్కడ పిండం పెట్టరు. గడ్డకట్టించే చల్లపెట్టెలో దాచి మళ్ళీ పెట్టాలన్నా నెలన్నర పడుతుంది. కాబట్టి శనివారం పదకొండింటికి అయితే అయినట్టు, లేకపోతే ఈ జన్మకి లేనట్టు. ఈ లెక్క ఆమె ఎవరితోనూ పైకి అనలేదు. అనవలసిన అవసరం లేదు, గదిలో ముగ్గురికీ తెలుసు.

బుధవారం పొద్దున టేపు డెబ్బై ఏడు చూపించింది.

"డెబ్బై నాలుగు. నిన్నటంతే," అంది టేపక్క.

ఆ మాట ఆమె అన్నది కాదు, నోటికి వచ్చేసింది. కొట్లో ఒళ్ళు చేసిన ఆడవాళ్ళు నడుము కొలిపించుకునేటప్పుడు ఊపిరి బిగబట్టి పైకప్పు వంక చూస్తారు. టేపక్క పైకి రెండంగుళాలు తగ్గించి చెబుతుంది, పుస్తకంలో అసలుది రాసుకుంటుంది. వాళ్ళు సంతోషంగా వెళతారు, బట్ట సరిగ్గా సరిపోతుంది. ఆమెకి ఉన్న గిరాకీలో సగం ఈ అబద్ధం మీదే నడుస్తోందని భర్త వేళాకోళం చేస్తాడు కూడా. ఇప్పుడు డెబ్బై ఏడని చెప్పినా కొంపలేం మునిగేవి కావు, హద్దు డెబ్బై ఎనిమిది కదా. కానీ నోటితో ఒకటి అని కార్డులో ఇంకొకటి వేస్తే చిన్నది చూస్తుందేమో అనిపించింది. కార్డులో డెబ్బై నాలుగే వేసింది. పుస్తకంలో మాత్రం చెయ్యి అబద్ధం రాయలేదు. డెబ్బై ఏడు వేసి మూసేసింది.

స్నానాలగదిలో చిన్నదాని స్కర్టు కొక్కేనికి వేలాడుతోంది. ఈ ప్రయాణం కోసం టేపక్క తనే కుట్టిన ముదురు నీలం స్కర్టు. నిన్నటి నడుముకే హుక్కు కాస్త బిగుతుగా పడింది. ఈ రోజు పడదు. పడకపోతే పిల్ల భయపడుతుంది, భయంతోనే లేనిపోని ఆయాసం వస్తుంది అని టేపక్క తనకి తను నచ్చజెప్పుకుంది.

"నేను ముందు స్నానం చేసొస్తా, నువ్వు కాసేపు పడుకో," అని లోపలికి వెళ్ళి గడియ పెట్టింది. కుళాయి తిప్పి, దాని చప్పుడులో స్కర్టు తిరగేసింది. ఎవరి బట్ట కుట్టినా పక్క కుట్టుల్లో అంగుళమున్నర గుడ్డ లోపల వదలడం ఆమె పద్ధతి. నడుముపట్టీని కూడా విప్పి పెంచడానికి వీలుగా పక్కల దగ్గర అతికే వేస్తుంది. మనుషులు ఒక్క కొలత మీద ఉండరు అనేది ఆమె నమ్మకం. బ్లేడు మొనతో పాత కుట్టు విప్పి, దారాలు ఏరి, రెండు పక్కలా అరంగుళం వదిలి, కొత్త కుట్టు చేత్తో వేసింది. చేతికుట్టు అయినా మిషను కుట్టంత సన్నంగా పడింది. పాత కుట్టు ఉన్నచోట సూది బెజ్జాల వరస ఒక గీతలా మిగిలింది. గోటితో రుద్దింది. పూర్తిగా పోలేదు.

చిన్నది స్నానం చేసి వచ్చి హుక్కు పెట్టుకుంది. రొట్టె ముక్క సగం తిని పక్కన పెట్టింది.

గురువారం ఎనభై. టేపక్క టేపు తీసి మళ్ళీ చుట్టింది. మళ్ళీ ఎనభయ్యే.

నిజం చెప్పాలంటే ఒక్క రాత్రిలో ఆరు పెరిగినట్టు చెప్పాలి. అప్పుడు వాళ్ళు ఊరుకోరు. వెంటనే ఆస్పత్రికి రమ్మంటారు, అక్కడ ఉంచేస్తారు, శనివారం సంతకం ఉండదు. నిన్న మూడు దాచకపోతే ఇవాళ మూడే చెప్పేది కదా అని ఆమెకి ఏడుపు వచ్చింది. ఆ ఏడుపుని మింగి, "డెబ్బై ఐదు," అంది. రెండు రోజులే. శనివారం మధ్యాహ్నం తనే దగ్గరుండి ఆస్పత్రిలో చేర్పిస్తుంది. కాళ్ళు పడుతుంది. జన్మంతా పట్టమన్నా పడుతుంది.

"ఈ మధ్య నీకు స్నానాల పిచ్చి పట్టింది," అంది చిన్నది, అక్క తువ్వాలు తీసుకుంటుంటే. ఆ ఒక్క వాక్యానికి మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుంది.

ఫోనులో దుభాషి అమ్మాయి అన్నీ రాసుకుని, ఆవిడకి ఒకసారి ఇవ్వండి అంది. టేపక్క, చెల్లెలు నిద్రపోతోందని అనబోయింది. ఈలోగా చిన్నది చెయ్యి చాపింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అవతల అడుగుతున్నంతసేపూ అక్క మొహం వైపే చూసింది. చాలా సేపే చూసింది. చివరికి, "బాగానే ఉన్నానండీ," అంది.

టేపక్కకి ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన మరుక్షణమే సిగ్గు వేసింది. ఆ సిగ్గుని కూడా దాచుకుని, ఉప్పు కలిపిన నీళ్ళ గ్లాసు చెల్లెలి చేతికి ఇచ్చింది.

మధ్యాహ్నం ఆమె భర్త మోటారు గదిలోంచి గ్రీజు చేతులతో వచ్చాడు. కుదుపు పోయిందని, ఇప్పుడు నీళ్ళ గ్లాసు పెట్టినా తొణకదని చెప్పాడు. చేతులు కడుక్కుంటూ ఆగి, గదిలో మంచం వైపు చెవి పెట్టి విన్నాడు. లిఫ్టు తీగల దగ్గర నిలబడి వినేవాడు అలాగే వింటాడు. తర్వాత భార్యని వరండాలోకి పిలిచాడు.

"మరదలి ఊపిరి భారంగా లాగుతోంది. చూపిద్దాం."

"మందుల వేడి. అందరికీ ఉంటుందట."

"నడుమెంతుంది?"

"డెబ్బై ఐదు."

ఆయన ఆమె మొహం వంక చూశాడు. పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె కొలత తప్పు చెప్పేటప్పుడు కుడికన్ను ఎలా అవుతుందో ఆయనకి తెలుసు. ఇంకో మాట అడిగితే తేలిపోతుంది. అడగలేదు. ఆయనకి కూడా కావాలి. వచ్చిన రోజు క్లినిక్కు గోడ మీద పసిపిల్లల ఫొటోలు ఒక్కొక్కటే చదువుతున్నట్టు చూసిన మనిషి. జేబులోంచి గుడ్డముక్క తీసి, అప్పటికే శుభ్రంగా ఉన్న వేళ్ళని తుడుచుకుంటూ మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఎనభై నాలుగు.

చిన్నది వెల్లకిలా పడుకోలేకపోతోంది. రెండు దిళ్ళు గోడకి ఆనించి కూర్చుంది. చేతులూ మెడా సన్నబడిపోయాయి, పొట్ట ఒక్కటే తోలు బిగించిన డప్పులా ఉంది. పొద్దున్నించి ఒక్కసారే లేచి మూత్రానికి వెళ్ళింది. చిక్కటి టీ రంగులో అరగ్లాసు కూడా రాలేదు. టేపక్క కార్డులో 'నాలుగుసార్లు' అని వేసింది. ఆయాసం గడిలో అడ్డగీత పెట్టింది. పుస్తకంలో ఎనభై నాలుగు వేసేటప్పుడు పెన్సిలు ముల్లు విరిగింది.

క్లినిక్కు వాళ్ళు మంచి కబురే చెప్పారు. పన్నెండిట్లో నాలుగు చక్కగా పెరిగాయి. ఒకటి మరీ బాగుంది, రేపు అదే పెడతారు. పిండం పెట్టించుకునే టేపక్క పొద్దున లేచిన దగ్గర్నుంచి లీటరు నీళ్ళు తాగి, మూత్రం ఆపుకుని రావాలట. టేపక్క సరేనండీ సరేనండీ అంటూనే ఉంది. ఆ 'ఒకటి'ని ఆమె తలచుకోకుండా ఉండలేకపోయింది. దానికి చిన్నదాని గెడ్డం రావచ్చు. మూడేళ్ళకి నడుము ఇరవై అంగుళాలు ఉండవచ్చు. ఇంత సంతోషం, ఇంత భయం ఒక్క గుండెలో ఎలా పడుతున్నాయో ఆమెకే అర్థం కాలేదు.

సాయంత్రం చిన్నదాని కూతురు ఫోనులో కనబడింది. కథ చెప్పమంది. చిన్నది మొదలుపెట్టింది, ఒక ఏనుగు ఉత్తరం పంచడానికి వెళ్ళింది అని. ఏనుగు మొదటి గుమ్మం దగ్గరికి చేరేసరికి చిన్నదానికి గాలి చాలలేదు. నోరు తెరిచి రెండుసార్లు పీల్చుకుని, "సిగ్నల్ రావట్లేదమ్మా," అని ఫోను పెట్టేసింది. ఆ పిల్ల మొహం తెర మీద ఆగిపోయి కాసేపు అలాగే ఉంది.

టేపక్క స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నిన్న పొద్దున రెండో కుట్టు విప్పింది, ఇవాళ మూడోది. ఈసారి గుడ్డ అంచు దాకా వచ్చేసింది. పోగులు లేచిపోకుండా అంచుని మడిచి కుట్టడానికి కూడా మిగల్లేదు. అంచు మీదే కుట్టు వేసింది. ఇరవై ఆరేళ్ళలో అలా కుట్టింది లేదు.

శనివారం పొద్దున ఎనిమిదికే ముగ్గురూ లేచి ఉన్నారు. టేపక్క అప్పటికే రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. భర్త చొక్కా ఇస్త్రీ చేసుకుని, బూట్లు తుడుచుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. టేపు ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది. టేపక్క ఏ నంబరూ చెప్పలేదు. చిన్నది అడగలేదు.

చిన్నది మంచం అంచున కూర్చునే స్కర్టు తొడుక్కుంది. హుక్కు రెండు చివర్లకీ మధ్య మూడు వేళ్ళ ఎడం ఉంది. లాగింది. పక్కన పోగులు చిట్లిన చప్పుడైంది.

టేపక్క సూది డబ్బా కోసం సంచిలో చెయ్యి పెట్టింది.

"వదిలెయ్ అక్కా," అంది చిన్నది. "ఇంక లోపల గుడ్డ లేదుగా."

టేపక్క చెయ్యి సంచిలోనే ఆగిపోయింది.

చిన్నది స్కర్టు పక్కని వేలితో తడిమింది. బయటి నీలానికీ లోపలి నుంచి వచ్చిన నీలానికీ మధ్య బెజ్జాల వరసలు. "మూడు గీతలు. రోజుకొకటి. నీ మిషను పక్కన పెరిగినదాన్ని, కుట్టు విప్పిన గుడ్డ నాకు తెలీదా?"

"మరి గురువారం ఫోనులో..."

"బాగానే ఉన్నానన్నా. నీ మొహం చూసి అన్నా." ఆగి గాలి పీల్చుకుంది. "ట్రయల్ వేసినప్పుడు ఎవర్నయినా నువ్వడిగేది ఒకటే మాట, ఎక్కడైనా బిగుతుగా ఉందా అని. దారినపోయే వాళ్ళని కూడా అడుగుతావు. నాలుగు రోజులు చూశానక్కా. నన్ను అడగలేదు."

అందులో కోపం లేదు. ఉత్తరం మీద అడ్రసు చదివినట్టు చదివింది. కోపం ఉంటే టేపక్క కాళ్ళ మీద పడేది, ఏడ్చేది, ఏదో ఒకటి చేసేది.

"సరే, పద," అంది చిన్నది మళ్ళీ. "నీ గౌనేదైనా ఇవ్వు, అది తొడుక్కుంటా. సంతకం పెట్టేసి అటునుంచి అటే ఆస్పత్రికి పోదాం. రెండు గంటలేగా. ఓర్చుకుంటా."

నిజంగానే అంటోంది. మంచం కోడు పట్టుకుని లేవబోయింది కూడా. సగం లేచి, పెదాలు నల్లబడి, మళ్ళీ కూర్చుండిపోయింది. కిటికీ దగ్గర మనిషి ఒక అడుగు వేసి ఆగాడు. రెండు గంటలు. టేపక్క ఆ రెండు గంటల్ని కళ్ళారా చూసింది. టాక్సీ, డాక్టరు గది, చిన్నదాని చేతిలో కలం, తర్వాత తను పడుకోవలసిన బల్ల. అన్నీ చేతికి అందేంత దగ్గరలో ఉన్నాయి. పిల్ల తనే ఇస్తానంటోంది. తీసుకుంటే తప్పు అనేవాళ్ళు ఈ గదిలో ఎవరూ లేరు.

ఆమె సంచిలోంచి సూది డబ్బా తియ్యలేదు, కొలతల పుస్తకం తీసింది. ఫోను అందుకుని తనే క్లినిక్కుకి కలిపింది. తొమ్మిది కాకుండానే ఆమె గొంతు విని దుభాషి అమ్మాయి ఆశ్చర్యపోయింది.

"రాసుకోండమ్మా," అంది టేపక్క. "మంగళవారం డెబ్బై నాలుగు. బుధవారం డెబ్బై ఏడు. గురువారం ఎనభై. నిన్న ఎనభై నాలుగు. ఇవాళ ఎనభై ఎనిమిది. మూత్రం నిన్న ఒక్కసారి, ఇవాళ లేదు. ఆయాసం గురువారం నుంచి ఉంది."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది.

"మీరు రోజూ డెబ్బై నాలుగు, డెబ్బై ఐదు అన్నారు కదండీ."

"అబద్ధం చెప్పాను."

"ఇప్పుడు ఆస్పత్రికి పంపితే ఈరోజు పదకొండింటికి..."

"తెలుసండీ. అంబులెన్సు పంపండి."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే ఆమె భర్త అక్కడ లేడు. తలుపు తెరిచి చూస్తే వరండా చివర లిఫ్టు దగ్గర ఉన్నాడు. లిఫ్టుని పైకి పిలిచి, తలుపు మూసుకోకుండా వీపు ఆనించి నిలబడ్డాడు. అంబులెన్సు వాళ్ళు రావడానికి పదిహేను నిమిషాలు పట్టింది. ఆ పదిహేను నిమిషాలూ అలాగే నిలబడి ఉన్నాడు. చిన్నదాన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చినప్పుడు పక్కకి జరిగి చోటిచ్చాడు.

"కుదపదులే," అన్నాడు మరదలితో.

లిఫ్టు కుదపలేదు.

ఆస్పత్రి వాళ్ళు స్కర్టుని కత్తెరతో కోసేశారు. చిన్నదాన్ని తలుపు అవతలికి తీసుకుపోయారు. వరండాలో ఇనప కుర్చీలు, గోడకి గడియారం. భార్యాభర్తలిద్దరూ మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. ఎవరూ వదలమనలేదు, అలా కూర్చున్నారు.

"నాకు వినబడింది. గురువారమే వినబడింది," అన్నాడాయన నేల చూస్తూ.

టేపక్కకి కాసేపటికి పొత్తికడుపులో నొప్పి మొదలైంది. ఎందుకో వెంటనే అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. పొద్దున్నించీ అలవాటుగా, ఎవరు గ్లాసు ఇస్తే అది, లీటరు నీళ్ళూ తాగేసింది. ఇప్పటిదాకా ఆపుకుంటూనే ఉంది. గడియారం చూసింది. పదకొండు దాటి ఏడు నిమిషాలు. లేచి ఆడవాళ్ళ గది వెతుక్కుంటూ వెళ్ళింది. లోపల గడియ పెట్టుకుని కూర్చుంది. నీళ్ళన్నీ పోతున్నంతసేపూ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. బయట ఎవరో తలుపు తట్టి, ఆగి, వెళ్ళిపోయారు.

కడుపులో సన్నటి గొట్టం వేసి నీరు తీశారు. సాయంత్రానికి మూడు లీటర్లు. ఊపిరితిత్తి చుట్టూ కూడా చేరిందని, ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నట్టు దుభాషి అమ్మాయి వచ్చి చెప్పింది. మంచి పిల్ల. తిట్టలేదు. నాలుగు పిండాలనీ చల్లపెట్టెలో ఉంచుతారని చెప్పి, ఎవరి కోసం అనే మాట దగ్గర ఆగి, మీరూ ఏదైనా తినండి అని వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నానికి చిన్నది దిండుకి జారబడి గంజి తాగగలిగింది. గ్లాసు పట్టింది బావే. టేపక్క మంచం అవతలి పక్క నిలబడి దుప్పటి మడతలు సరిచేస్తూ ఉంది. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఏది ముందు చెప్పినా తక్కువగానే ఉంటుందని ఏదీ చెప్పలేదు.

నర్సు కార్డు పట్టుకుని వచ్చింది. నడుము కొలవాలన్నట్టు వేలితో గాల్లో చుట్టి చూపించి, జేబులు తడుముకుంది. టేపు వేరే వార్డులో మరిచిపోయినట్టుంది. టేపక్క చెయ్యి మెడలోకి పోయింది. మూడేళ్ళ పిల్లని నిలబెట్టి కొలిచినప్పటి నుంచీ వెళ్ళే చోటికే వెళ్ళింది. టేపు తీసి మంచం వైపు వంగింది.

చిన్నది అరచెయ్యి చాపింది. కొలవమని కాదు, ఇమ్మని.

టేపక్క ఇచ్చింది. చిన్నది గొట్టం తగలకుండా టేపుని వీపు కిందుగా మెల్లగా తోసుకుంది. రెండు చివర్లూ బొడ్డు దగ్గర కలిపింది. ఊపిరి మామూలుగా వదిలి, గెడ్డం దించి చూసుకుంది. నర్సుకి భాష రాదు కాబట్టి వేళ్ళు చూపించింది. ముందు ఎనిమిది, తర్వాత ఒకటి. నర్సు తల ఊపి కార్డులో వేసుకుంది.

"ఎక్కడైనా బిగుతుగా ఉందా?" అంది టేపక్క.

చిన్నది అక్క వైపు చూసింది. నిజంగానే ఆలోచించింది.

"నర్సుకి చెప్తాలే అక్కా," అంది.

టేపుని రెండు వేళ్ళ మీద చుట్ట చుట్టి, దిండు కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. టేపక్క అక్కడే నిలబడి మెడ తడుముకుంది. ఖాళీగా ఉంది.